మందుల కొట్టు మాట: సీసా మీద 3, లోపల ఎంత?

ప్రశ్న: గురువుగారూ, నమస్తే. నాది శ్రీకాకుళం, వయసు 26. సిగరెట్టు మానేద్దామని వేప్ (ఈ-సిగరెట్టు) మొదలుపెట్టాను. విశాఖలో తెలిసిన కుర్రాడు లిక్విడ్ తెచ్చిస్తాడు. మొన్న తెచ్చిన రెండు సీసాలూ ఒకే కంపెనీవి, ఒకే మామిడి ఫ్లేవరు, రెండిటి మీదా 3 అనే ఉంది. మొదటిది ఎంత పీల్చినా ఏమీ తెలీలేదు. రెండోది నాలుగు దమ్ములు లాగేసరికి కళ్ళు తిరిగి, చెమటలు పట్టి, వాంతయింది. ఒకే నంబరు మీద ఇంత తేడా ఏటి? ఇంట్లో పరీక్ష చేసుకునే దారుందా? నమ్మకమైన కంపెనీ ఏదో చెప్పండి.

జవాబు: తమ్ముడూ, ముందు ఆ రెండో సీసా తెచ్చి వెలుతురులో చూడు. 3 పక్కన మిల్లీగ్రాములని ఉందా, శాతం గుర్తు ఉందా? 3 మి.గ్రా. అంటే ఒక మిల్లీలీటరులో 3 మి.గ్రా. నికోటిన్. 3 శాతం అంటే అదే మిల్లీలీటరులో 30. పదింతలన్నమాట. నీకొచ్చిన కళ్ళు తిరగడం, చెమట, వాంతి నికోటిన్ ఎక్కువైతే కనిపించే లక్షణాలే. ఒక సిగరెట్టు కాలిస్తే ఒంట్లోకి చేరేది సుమారు 1 నుంచి 2 మి.గ్రా. అని గుర్తుంచుకుంటే ఆ తేడా ఎంతో నీకే అర్థమవుతుంది.

గుర్తు కూడా ఒకటే అయితే తయారీని అనుమానించాలి. ఈ లిక్విడ్ అంటే ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, ఫ్లేవరు, వాటిలో కలిపిన చిక్కటి నికోటిన్. గ్లిజరిన్ బెల్లం పాకంలా సాగుతుంది. సరిగా కలియబెట్టకపోతే ఒకే డ్రమ్ము నుంచి నింపిన సీసాల్లోనే ఒకటి పలచగా, ఒకటి ఘాటుగా వస్తుంది. ఎండలో, గాలికి నికోటిన్ పాడై రంగు ముదురుతుంది. మే నెలలో బండి డిక్కీలో పడున్న సీసాకి, చీకటి అరలో ఉన్న సీసాకి పోలికే లేదు. లిక్విడ్‌ని వేడిచేసే తీగచుట్ట, అదే కాయిల్, మార్చినా, బ్యాటరీ పవరు పెంచినా ఒక్కో దమ్ముకి వచ్చే పొగ మారుతుంది. ఇంకో తిరకాసు 'సాల్ట్' రకంతో. మామూలు నికోటిన్ ఎక్కువైతే గొంతు మండి, మనిషి తనే ఆగుతాడు. బెంజోయిక్ ఆసిడ్ లాంటిది కలిపిన సాల్ట్ గొంతుకి మెత్తగా ఉంటుంది. మోతాదు మించిన సంగతి వాంతయ్యాక గాని తెలీదు.

ఇదంతా మన దొంగ సరుకుకే అనుకోకు. 2009లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అక్కడి రెండు పేరున్న కంపెనీల కార్ట్రిడ్జిలు, అంటే లిక్విడ్ నింపిన చిన్న గొట్టాలు, పరీక్షించింది. ఒకే లేబుల్ ఉన్న మూడింట్లో దమ్ముకి వచ్చిన నికోటిన్ 26.8 నుంచి 43.2 మైక్రోగ్రాముల దాకా ఉంది. నికోటిన్ లేదని రాసినవాటిలో ఒక్కటి తప్ప అన్నిట్లోనూ నికోటిన్ దొరికింది. ఒకదాంట్లో డైఇథిలీన్ గ్లైకాల్ కూడా బయటపడింది. కల్తీ దగ్గు సిరప్పుల్లో పిల్లల ప్రాణాలు తీసే విషం అది. ఆ పేరు వింటే మా కొట్లవాళ్ళకి ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

కంపెనీ పేరు అడిగావు. చెప్పను, చెప్పడానికి లేదు కూడా. నేను అమ్మే పారాసిటమాల్ స్ట్రిప్ మీద 500 అని ఉంటే లోపల 475కి తగ్గకూడదు, 525కి మించకూడదు. స్ట్రిప్ మీద బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు ఉంటాయి. డ్రగ్ ఇన్‌స్పెక్టరు ఏ రోజైనా వచ్చి శాంపిలు పట్టుకెళ్ళొచ్చు, తేడా వస్తే అడిగేవాడున్నాడు. నీ సీసా సంగతి అలా కాదు. 2019లో కేంద్రం చట్టం చేసి ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రచారం అన్నీ నిషేధించింది. అమ్ముతూ మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. చాటుగా వచ్చే సరుకుని ఏ ల్యాబూ చూడదు. యూరప్‌లో అమ్మనిస్తారు గాని మిల్లీలీటరుకి 20 మి.గ్రా. దాటకూడదని పరిమితి పెట్టారు. మన దగ్గరికి చేరే సీసా మీద అలాంటి లేబులే ఉన్నా, అది ఎక్కడ అచ్చయిందో ఎవడు చూశాడు?

ఇంటి పరీక్ష గురించి. విదేశాల్లో చిన్న కిట్లు దొరుకుతాయి. లిక్విడ్‌లో బ్రోమోథైమాల్ బ్లూ అనే రంగు మందు వేసి, నీలం పోయి పసుపు వచ్చేదాకా పలచటి ఆసిడ్ చుక్కలు వేస్తారు, ఎన్ని పట్టాయో దాన్నిబట్టి నికోటిన్ లెక్కకడతారు. సాల్ట్ రకంలో ముందే ఆసిడ్ ఉంటుంది కాబట్టి లెక్క అసలుకన్నా తక్కువ చూపిస్తుంది. అది నమ్మి ఇంకా గట్టిగా పీల్చావంటే మళ్ళీ బకెట్టు పక్కనే కూర్చోవాలి.

మానాలన్నదే నీ ఉద్దేశమైతే లెక్క తెలిసిన నికోటిన్ మందుల కొట్లోనే ఉంది. 2 మి.గ్రా. నికోటిన్ గమ్ చీటీ లేకుండా ఇస్తాం, 4 మి.గ్రా.కి డాక్టరు చీటీ కావాలి. చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమలకు. నోట్లో కారం తగలగానే బుగ్గకీ చిగురుకీ మధ్య నొక్కిపెట్టు, కారం తగ్గాక మళ్ళీ నములు. టీ తాగిన పావుగంట దాకా వేసుకోకు, సరిగా పనిచేయదు. ఎన్ని వేసుకోవాలో డాక్టరుని అడుగు. పొగాకు మానడానికి సాయం చేసే ప్రభుత్వ ఫోన్ నంబరు (క్విట్‌లైన్) 1800-11-2356, ఉచితం.

ప్రశ్న: మా తమ్ముడి వేప్ సీసా మూత మా రెండేళ్ళ పాప నోట్లో పెట్టుకుంది. తుడిచేశాం, బాగానే ఉంది. మళ్ళీ అలా జరిగితే ఏం చెయ్యాలి? - ఒక తల్లి, బొబ్బిలి

జవాబు: అమ్మా, వాంతి చేయించొద్దు. నోరు తడిగుడ్డతో తుడిచి, చర్మం మీద పడితే బట్టలు విప్పి మంచినీళ్ళతో కడిగి, వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. చొంగ కారడం, మొహం పాలిపోవడం, వాంతులు కనిపించేదాకా ఆగొద్దు. సీసా కూడా పట్టుకెళ్ళండి. లేబుల్ మీద అంకె చిన్నదని డాక్టరు దగ్గర ధీమాగా చెప్పకండి, ఎందుకో పై జవాబులో ఉంది. మీ తమ్ముడికి ఈ పేజీ చదివించండి.

ప్రశ్న: మా నాయనమ్మ చిన్నప్పట్నుంచీ చుట్ట అడ్డపొగ తాగుతాది. దానికి బదులు వేప్ కొనిస్తే నయమా? - ఒక మనవడు, టెక్కలి

జవాబు: వద్దు బాబూ. మన ఉత్తరాంధ్రలో ముసలమ్మలు నిప్పు లోపలికి పెట్టుకుని తాగే ఈ అలవాటు అంగిలిని కాలుస్తుంది, అక్కడ క్యాన్సరు వచ్చే భయం ఎక్కువ. ఆ వయసులో బలం ఎంతో తెలీని నికోటిన్ గుండె మీద పెట్టి ఏం సాధిస్తావు? ఈ వారంలోనే శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో పంటి డాక్టరుకి చూపించు. అంగిలి మీద తెల్లటి మచ్చ, ఎర్రగా కందిన చోటు, మానని పుండు ఉన్నాయేమో చూడమను. నొప్పి లేదని ఆవిడ రానంటుంది. నొప్పి లేకపోయినా చూపించాల్సిందే.