పెన్‌డ్రైవ్ బాగైంది, డేటా పోయింది: షాపువాళ్లను అడగొచ్చా?

ప్రశ్న: నేను తిరుపతిలో పీహెచ్‌డీ చేస్తున్నాను. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లతో రెండేళ్లపాటు మాట్లాడి రికార్డు చేసిన ఆడియోలన్నీ ఒక 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాను. మూడు నెలల కిందట అది కంప్యూటర్‌కు పెడితే సైజు సున్నా చూపించింది. ఒక షాపులో ఇస్తే ‘డేటా తీసిస్తాం, రెండు రోజులు ఆగండి’ అని వాట్సాప్‌లో చెప్పి, 800 రూపాయలు తీసుకున్నారు. తిరిగి ఇచ్చాక పెన్‌డ్రైవ్ పనిచేస్తోంది కానీ ఖాళీగా ఉంది. పైగా 29 జీబీయే చూపిస్తోంది. అడిగితే ‘ఫర్మ్‌వేర్ ఎక్కించాం, అలా చేస్తే డేటా ఉండదు, డేటాకు బాధ్యత లేదని బోర్డు పెట్టాం కదా’ అన్నారు. పోలీసు కేసు పెట్టొచ్చా? పరిహారం వస్తుందా? మా తమ్ముడు ఫర్మ్‌వేర్ ఎక్కించే అలాంటి సాఫ్ట్‌వేర్ టూల్‌తోనే ఇంకో పెన్‌డ్రైవ్ ఇంట్లోనే బాగుచేస్తానంటున్నాడు. అది తప్పా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, ముందు ఆ పెన్‌డ్రైవ్‌ను ఒక కవర్లో పెట్టి దాచండి. దాంట్లో కొత్తగా ఏ ఫైలూ వేయకండి. 29 జీబీ ఎందుకు చూపిస్తోందో తెలుసుకుందామని హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లాంటి ప్రోగ్రామ్ కూడా నడపకండి. అది ఖాళీ జాగా మొత్తం రాసి నింపుతుంది. మిగిలిన తునకలేవైనా ఉంటే అవీ పోతాయి. ఇప్పుడు మీ కేసుకు ఆ పెన్‌డ్రైవే సాక్ష్యం.

షాపువాళ్లు ఏం చేశారో అర్థమైతేనే చట్టం ఎక్కడ పట్టుకుంటుందో తెలుస్తుంది. పెన్‌డ్రైవ్‌లో డేటా ఉండే ఫ్లాష్ చిప్ ఒకటి, దాన్ని నడిపే కంట్రోలర్ ఒకటి ఉంటాయి. ఏ ఫైలు ఏ మూల ఉందో చెప్పే పట్టిక కంట్రోలర్ చూసుకుంటుంది. దాని ఫర్మ్‌వేర్, అంటే కంట్రోలర్‌ను పనిచేయించే లోపలి ప్రోగ్రామ్, చెడితే చిప్‌లో డేటా ఉన్నా సైజు సున్నా అని చూపించవచ్చు. ఫైసన్, ఆల్కోర్, సిలికాన్ మోషన్ వంటి కంట్రోలర్లకు వేటి టూల్ వాటికి ఉంది. ఫ్యాక్టరీలో కొత్త పెన్‌డ్రైవ్‌లు తయారుచేసేటప్పుడు వాడే టూల్ అది. చిప్‌ను వెతికి, పాడైన బ్లాకులను (డేటా దాచే చిన్న భాగాలను) పక్కన పెట్టి, కొత్త ఫర్మ్‌వేర్, కొత్త పట్టిక రాస్తుంది. పాత పట్టిక పోతుంది. చాలా సెట్టింగుల్లో పాత డేటా కూడా చెరిగిపోతుంది. డేటా కావాలనుకునేవాళ్లు ముందు ఫ్లాష్ చిప్‌ను విడిగా చదివించి, ఫర్మ్‌వేర్ సంగతి ఆ తర్వాత చూస్తారు. మీ విషయంలో ఈ వరస తిరగబడింది.

మీరు అడిగింది డేటా. షాపువాళ్లు బాగుచేసింది పెన్‌డ్రైవ్. ఆ తేడా మీద మీ కేసు నిలబడుతుంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని సెక్షన్ 2(11) సేవాలోపం అంటే ఏమిటో చెబుతూ రెండు మాటలు ప్రత్యేకంగా చేర్చింది. ఒకటి, నష్టం కలిగించిన నిర్లక్ష్యం. రెండోది, తెలిసిన సంగతిని కావాలనే వినియోగదారుకు చెప్పకపోవడం. ‘అలా చేస్తే డేటా ఉండదు’ అని ఇప్పుడు అంటున్నారంటే, ఆ సంగతి వాళ్లకు ముందే తెలుసన్నమాట. తెలిసి, మీకు చెప్పకుండా, డేటా తీసిస్తామని డబ్బు తీసుకున్నారు. ఆ వాట్సాప్ మెసేజ్ ఉంది కాబట్టే నేను ఇంత ధైర్యంగా చెబుతున్నాను. మీరు ‘పెన్‌డ్రైవ్ పనిచేయట్లేదు, చూడండి’ అని మాత్రమే అని ఉంటే ఇదే కేసు బలహీనంగా ఉండేది.

బోర్డు సంగతికి వస్తే, వాళ్లు దాన్ని తప్పకుండా ముందుకు తెస్తారు. అయితే గోడ మీద రాసినంత మాత్రాన ప్రతి నిర్లక్ష్యానికీ మినహాయింపు రాదు. వస్తువు ఇచ్చేముందు మీకది చూపించారా, మీరు ఒప్పుకున్నారా అని అడగవచ్చు. పైగా మీకు విడిగా ఇచ్చిన మాట బోర్డుకు పూర్తి వ్యతిరేకంగా ఉంది. బాగుచేయమని ఇచ్చిన వస్తువును సొంత వస్తువంత జాగ్రత్తగా చూడాలని కాంట్రాక్టు చట్టం 1872, సెక్షన్ 151 కూడా చెబుతోంది.

పోలీసు కేసు వద్దంటాను. ఐటీ చట్టం 2000లో డేటా చెరిపేయడం గురించి సెక్షన్ 43 ఉంది, కానీ అది యజమాని అనుమతి లేకుండా చేసిన పనికి. పెన్‌డ్రైవ్‌ను చేతికిచ్చింది మీరే కదా. సెక్షన్ 66 కింద నేరం కావాలంటే మోసపు బుద్ధి రుజువు కావాలి. మీరు చెప్పినదాంట్లో నాకు పనితనం లేకపోవడం, నిజం దాచడం కనిపిస్తున్నాయి. స్టేషన్ చుట్టూ తిరిగి అలసిపోవడం తప్ప మీకు ఒరిగేదేమీ ఉండదు.

ముందు షాపుకు స్పీడ్ పోస్టులో ఒక నోటీసు పంపండి. ఏ టూల్ వాడారు, పని మొదలుపెట్టే ముందు డేటా చదివే ప్రయత్నం ఏదైనా చేశారా అని రాతపూర్వకంగా అడగండి. 15 రోజులు గడువివ్వండి. జవాబు రాకపోతే తిరుపతిలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. ఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షలలోపే కాబట్టి ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఆన్‌లైన్‌లో వినియోగదారుల కమిషన్ల పోర్టల్ ఈ-జాగృతి ద్వారా వేయొచ్చు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా దారి చెబుతారు. వాట్సాప్ మెసేజ్‌ల ప్రింట్లతో పాటు భారతీయ సాక్ష్య అధినియం 2023, సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వాల్సిన సర్టిఫికెట్ జతచేయండి. ఆ ఫోన్ మార్చకండి, చాట్ డిలీట్ చేయకండి.

పరిహారం గురించి మీకు ఆశ పెట్టి పంపడం నాకు ఇష్టం లేదు. 800 వెనక్కి రావడం, కొంత పరిహారం, ఖర్చులు అడగడం న్యాయం. రెండేళ్ల శ్రమకు లక్షలు అడగాలనిపిస్తుంది. ఆ బాధ నాకు అర్థమవుతుంది. ఆ గొంతుల్లో కొన్ని మళ్లీ రికార్డు చేసే వీలు కూడా ఉండకపోవచ్చు. కానీ కమిషన్ కాగితం చూస్తుంది. శ్రీకాళహస్తికి తిరిగిన టికెట్లు, ఫీల్డ్ నోట్స్, ఏయే తేదీల్లో ఎవరితో మాట్లాడారో రాసుకున్న డైరీ, మీ గైడ్ ఇచ్చే ఉత్తరం ఇవన్నీ పెట్టండి. ‘ఇంకో కాపీ ఎందుకు ఉంచుకోలేదు?’ అని అవతలి పక్షం అడుగుతుంది. లేదంటే లేదని నిజం చెప్పండి. దానివల్ల పరిహారం తగ్గవచ్చు, వాళ్ల తప్పు మాత్రం మాసిపోదు.

ఇక 29 జీబీ. దీన్ని వదలకండి. పాడైన బ్లాకులు పక్కన పెట్టడం వల్ల సైజు తగ్గి ఉండొచ్చు. లేదా అది మొదటినుంచీ 32 జీబీ చిప్పే అయి, ఫర్మ్‌వేర్ మార్చి 64గా అమ్మి ఉండొచ్చు. 32 జీబీ పెన్‌డ్రైవ్ కంప్యూటర్‌లో దాదాపు 29గానే కనిపిస్తుంది. అదే నిజమైతే అమ్మినవాళ్ల మీద వేరే ఫిర్యాదు ఉంది. కొన్న బిల్లు వెతకండి. డేటా మీద ఆశ పూర్తిగా వదులుకున్నాకే, కమిషన్‌కు చెప్పి పరీక్ష చేయించండి.

మీ తమ్ముడి సంగతి. సొంత పెన్‌డ్రైవ్‌ను సొంతంగా బాగుచేసుకోవడం నేరం కాదు. వారంటీ ఉంటే పోవచ్చు. ఆ టూళ్లు కంపెనీలు జనానికని ఇచ్చినవి కావు, ఎక్కడెక్కడి సైట్లలోనో దొరుకుతాయి, వైరస్ భయం ఉంది. మీ థీసిస్ ఉన్న కంప్యూటర్‌లో మాత్రం వద్దు. పెన్‌డ్రైవ్‌లో కావాల్సిన ఫైలు ఒక్కటున్నా ఆ టూల్ ముట్టుకోవద్దని చెప్పండి. సైజు పెంచి చూపించి ఎవరికైనా అమ్మితే అది మోసం కేసే అవుతుంది.