సమీక్షలో ‘కమ్యూనికేషన్ మెరుగుపడాలి’ అని రాస్తే ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ అనలిటికల్ కెమిస్ట్రీ చదివి, పటాన్‌చెరు దగ్గర ఒక ఔషధ కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో అనలిస్టుగా చేరి ఏడు నెలలైంది. పదో తరగతి వరకు తెలుగు మీడియం. ఈ మధ్య ఒక పరీక్ష ఫలితం తేడాగా వస్తే, ఆ సంగతి షిఫ్టు అయిపోయే వేళ టీమ్ లీడర్‌కు చెప్పిందట. అప్పటికే ఫ్లాస్కులు కడిగేసిందని ఆయన అందరి ముందూ కేకలు వేశారు. ఆయన కూడా మన సూర్యాపేట వైపు వారే. ప్రొబేషన్ మూడు నెలలు పొడిగించి, సమీక్ష పత్రంలో ‘కమ్యూనికేషన్ మెరుగుపడాలి’ అని రాశారు. వాళ్ల అమ్మకు ఆ రోజే చెప్పింది, నాకు మాత్రం మూడు వారాల తర్వాత తెలిసింది. ఆన్‌లైన్‌లో 48 వేల రూపాయలకు ఆరు నెలల సాఫ్ట్ స్కిల్స్ కోర్సు ఒకటుంది. అమీర్‌పేటలో 7 వేలకు స్పోకెన్ ఇంగ్లిష్ నేర్పుతామంటున్నారు. రెండింటిలో ఏది మేలు? లేక ఉద్యోగం మాన్పించి డేటా సైన్స్‌లో చేర్పించమంటారా? నేనే వెళ్లి వాళ్ల మేనేజర్‌తో ఒకసారి మాట్లాడితే బాగుంటుందా?
– ఒక తండ్రి, నల్గొండ జిల్లా

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. ఒకరి అబ్బాయి బ్యాంకులో ఉంటాడు, మరొకరి కోడలు ఆస్పత్రిలో ఉంటుంది. పని బాగానే చేస్తారు, మాట దగ్గరే వెనకబడ్డారు అని రాస్తారు. పిల్లల్ని తెలుగు మీడియంలో చదివించి తప్పు చేశామా అన్న బాధ మాత్రం ప్రశ్నలో కనబడదు, ఎక్కడో వాక్యాల మధ్య ఉంటుంది. ‘పదో తరగతి వరకు తెలుగు మీడియం’ అని ఎవరూ అడగకుండానే మీరు రాశారు కనుక, ముందుగా దానికే జవాబు చెబుతాను. మీరు తప్పేమీ చేయలేదు. టీమ్ లీడర్ సూర్యాపేట వైపు వారని మీరే అన్నారు. ఆయనా మీ అమ్మాయీ ఆ రోజు తెలుగులోనే మాట్లాడుకుని ఉంటారు. ఫలితం తేడాగా వచ్చిందని తెలుగువాడికి తెలుగులో చెప్పడానికి 48 వేల రూపాయల కోర్సు దేనికండీ?

మీ ఉత్తరంలో అన్నింటికంటే ముఖ్యమైన మాట ‘ఫ్లాస్కులు కడిగేసింది’ అన్నది. మీరు దాన్ని ఆయన కోపానికి ఒక సాకుగా రాశారు. ఔషధ ల్యాబ్‌లో అది సాకు కాదు. అనలిస్టు మందు పొడిని తూచి, ఫ్లాస్కులో కరిగించి, పిపెట్‌తో కొంత తీసి పలుచన చేసి, వయల్ అనే చిన్న సీసాలో నింపి, మందు ఎంత శాతం ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రానికి ఇస్తుంది. ఫలితం పరిమితి దాటితే కారణం మందులోనైనా ఉండాలి, తూకంలోనో పలుచన చేయడంలోనో యంత్రంలోనో జరిగిన పొరపాటైనా కావాలి. ఫ్లాస్కులు అలాగే ఉంటే, అదే వయల్‌ను మళ్లీ యంత్రానికి ఇచ్చి, అదే ద్రావణాన్ని మరోసారి పలుచన చేసి, పొరపాటు ఎక్కడ జరిగిందో చూడవచ్చు. కడిగేస్తే ల్యాబ్‌లో తప్పు జరిగిందని నిరూపించే దారీ ఉండదు, జరగలేదని చెప్పే దారీ ఉండదు. అప్పుడు విచారణ తయారీ విభాగానికి పాకుతుంది, బ్యాచ్ ఆగిపోతుంది, టీమ్ లీడర్ తన పైవారికి రాతపూర్వకంగా సమాధానం చెప్పుకోవాలి.

ఇది ఆయన సొంతంగా పెట్టుకున్న నియమమూ కాదు. ఇష్టమైన ఫలితం వచ్చేదాకా పరీక్షను మళ్లీ మళ్లీ చేయడం చెల్లదని 1993లో అమెరికాలోని ఒక ఫెడరల్ కోర్టు ఒక ఔషధ కంపెనీ కేసులో స్పష్టం చేసింది. ఆ తర్వాత 2006లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇలాంటి ఫలితాలపై మార్గదర్శక పత్రం వెలువరించి, 2022లో దాన్ని సవరించింది. ఊహించని ఫలితం వచ్చి, దానికి కారణం పైకి కనబడకపోతే, అనలిస్టు ద్రావణాలను పారబోయకుండా ఉంచి పై అధికారికి తెలియజేయాలని అందులో ఉంది. అమెరికాకు మందులు పంపే ప్రతి ల్యాబ్‌లోనూ తనిఖీ అధికారులు చూసే విషయం ఇది. ఆ ల్యాబ్‌లో ‘కమ్యూనికేషన్’ అన్నా, ‘ఫ్లాస్కు కడగకముందే చెప్పు’ అన్నా దాదాపు ఒకటే. అయితే సమీక్ష పత్రంలో ఆ రెండో వాక్యం రాయడానికి గడి లేదు, మొదటి మాటకు గడి ఉంది. కాబట్టి ఆయన దాన్నే నింపారు, మీరేమో దాన్ని ఇంగ్లిష్ అని చదువుకున్నారు.

మీ అమ్మాయి ఇప్పుడు చేయవలసిన మొదటి పని, టీమ్ లీడర్ దగ్గర పది నిమిషాలు అడిగి తీసుకుని, ‘సార్, సమీక్షలో కమ్యూనికేషన్ గురించి రాశారు, ఏ సందర్భంలో నేను ఏం చేసి ఉండవలసిందో చెబితే సరిచేసుకుంటాను’ అని అడగడం. ఈ ఒక్క ప్రశ్నతో చాలా విషయాలు తేలిపోవడం నేను చూశాను. కొందరికి ఈమెయిల్ గురించి చెబుతారు, కొందరికి షిఫ్టు అప్పగింత గురించి చెబుతారు, ఒక అబ్బాయికైతే ‘సెలవు కావాలంటే అదే రోజు పొద్దున మెసేజ్ పెడుతున్నావు’ అన్నారు, అంతకు మించి ఏమీ లేదు.

ఇక మీకు కాస్త కటువుగా అనిపించే మాట చెప్పాలి. అమ్మాయి ఆ సంగతి వాళ్ల అమ్మకు ఆ రోజే చెప్పింది, మీకు మూడు వారాల తర్వాత తెలిసింది. ల్యాబ్‌లో జరిగిందీ ఇంట్లో జరిగిందీ ఒకటేనని మీకు తోచలేదా? చెడు కబురు ఉన్నప్పుడు ఎవరు అరుస్తారో వారికి చివర చెప్పడం, ఎవరు అరవరో వారికి ముందు చెప్పడం మీ అమ్మాయి ల్యాబ్‌లో చేరాక నేర్చుకున్నది కాదు. మార్కులు తగ్గినప్పుడు ప్రోగ్రెస్ కార్డు మీద ఎవరి సంతకం కోసం ఎదురు చూసిందో, మీ చేతికి అది ఎన్ని రోజులకు వచ్చేదో ఒకసారి గుర్తు చేసుకోండి. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో మాట్లాడకు, అడిగితేనే చెప్పు, ఎదురు చెప్పకు అని పదిహేనేళ్లు పెంచాం, ఆ తర్వాత రెండేళ్లు ఇంటర్ హాస్టల్లో స్టడీ అవర్ పేరుతో నోరు మూయించాం, తీరా ఉద్యోగంలో చేరాక ‘నీకు మాట్లాడటం రాదా’ అని అడుగుతున్నాం. ఈ ‘మనం’లో నేనూ ఉన్నాను, నా కొడుకును నేనూ ఇలాగే పెంచాను. కానీ ఆ లోటుకు పరిహారంగా ఇప్పుడు మీరు 48 వేలు కట్టబోతున్నారు కాబట్టి చెప్పక తప్పడం లేదు.

అలవాటు మారదని కాదు. చెడు కబురు చెప్పడానికి ధైర్యం కంటే ఒక క్రమం ఎక్కువ సాయపడుతుంది. అమెరికా నౌకాదళంలో పుట్టి తర్వాత ఆస్పత్రుల్లోకి వచ్చిన ఒక పద్ధతి ఉంది: నర్సు డాక్టరుకు ఫోన్ చేసినప్పుడు ఇప్పుడు ఏం జరుగుతోంది, దాని వెనక సంగతి ఏమిటి, నేను ఏమనుకుంటున్నాను, ఏం చేయమంటారు అన్న నాలుగింటినీ అదే వరుసలో చెప్పాలి. చిన్న ఉద్యోగి పెద్ద ఉద్యోగికి చెప్పేటప్పుడు క్షమాపణలతోనో, కథ మొదటినుంచో మొదలుపెట్టి, అసలు విషయం వచ్చేసరికి ఎదుటివారి ఓపిక అయిపోకుండా ఉండేందుకు ఈ వరుస ఉపయోగపడుతుంది. మీ అమ్మాయి విషయంలో అది ఇలా ఉండవచ్చు: ‘సార్, ఈ బ్యాచ్ అస్సే 96.8 వచ్చింది, పరిమితి 98 నుంచి 102. సిస్టమ్ సూటబిలిటీ పాసైంది, తూకం ప్రింటు చూశాను, సరిగానే ఉంది. పలుచన చేసేటప్పుడు పొరపాటు జరిగిందేమోనని అనుమానం. ఫ్లాస్కులూ వయల్సూ అలాగే ఉంచాను, ఒకసారి వచ్చి చూస్తారా?’ (అస్సే అంటే మందు ఎంత శాతం ఉందో చెప్పే ఫలితం, సిస్టమ్ సూటబిలిటీ అంటే యంత్రం సరిగా పనిచేస్తోందో లేదో చూసే పరీక్ష.) ఇదంతా చెప్పడానికి అర నిమిషం కూడా పట్టదు. ఇందులో ‘సారీ’ లేదని గమనించండి. తప్పు తనదని ఇంకా తేలలేదు, తేలినప్పుడు చెప్పుకోవచ్చు.

టీమ్ లీడర్ అందరి ముందూ అరవడం సరైనదని నేను అనడం లేదు. అరిచే అధికారి కింద పనిచేసే వారంతా కబుర్లు ఆలస్యంగానే చెబుతారు, ఆ ఆలస్యానికి ఆయన మళ్లీ అరుస్తాడు. అది ఆయన లోపం, దాన్ని మీ అమ్మాయి దిద్దలేదు. ఆమె చేయగలిగింది, నోటితో వెంటనే చెప్పడం, చెప్పిన పది నిమిషాల్లో అదే సంగతిని రెండు వాక్యాల ఈమెయిల్‌గా పంపడం. వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు, ఆ గ్రూపులో పెద్దవారు ఉంటే టీమ్ లీడర్ పరువు పోయిందనుకుంటారు. ఈమెయిల్‌లో సమయం ఉంటుంది. తర్వాత ఎవరైనా ‘నాకు చెప్పలేదు’ అంటే వాదించవలసిన పని ఉండదు.

టీమ్ లీడర్ కంటే తోటి ఉద్యోగుల విషయంలోనే ఎక్కువ జాగ్రత్త అవసరమని నాకనిపిస్తుంది. ఫలితం తేడాగా వచ్చిన రోజు పక్క బెంచీలోని సీనియర్ ఎవరైనా ‘ఇంకోసారి ఇంజెక్ట్ చేసి (అంటే యంత్రానికి ఇచ్చి) చూడు, ఎవరికీ చెప్పక్కర్లేదు’ అన్నారేమో అడగండి. మంచి మనసుతోనే అంటారు, కొత్త పిల్ల తిట్లు తింటుందని జాలిపడి అంటారు. కానీ యంత్రం ప్రతి ఇంజెక్షన్‌నూ సమయంతో సహా నమోదు చేస్తుంది. చెప్పకుండా చేసిన ఆ రెండో ప్రయత్నం పొరపాటును దాచిపెట్టడంగా మారుతుంది, దానికి ఉద్యోగాలు పోతాయి. అలాంటప్పుడు ‘లేదన్నా, ముందు సార్‌కి చెప్పి చేద్దాం, మీరు కూడా పక్కన ఉండండి’ అంటే చాలు. అన్నను కాదన్నట్టూ ఉండదు, తోడు పిలిచినట్టూ ఉంటుంది. షిఫ్టు అప్పగించేటప్పుడు కూడా అంతే. లాగ్‌బుక్‌లో రాశాను కదా అని వెళ్లిపోకుండా, సగంలో ఉన్న పని ఏమిటో, ఏ ద్రావణం ఏ వేళ వరకు పనికొస్తుందో ఎదుట నిలబడి చెప్పి రావాలి.

మీరు అడిగిన పోలికకు వస్తాను. ఒకప్పుడు నేనే చాలామందిని సాఫ్ట్ స్కిల్స్ కోర్సులకు పంపాను, ఇప్పుడు పంపడానికి మనసొప్పడం లేదు. కోర్సు ముగించి వచ్చిన పిల్లల్ని కూర్చోబెట్టి మాట్లాడిస్తే, అందరూ ఒకే స్వీయ పరిచయాన్ని అప్పజెప్పారు, ఒకేలా కళ్లలోకి చూశారు, ‘బలహీనత ఏమిటి’ అంటే అందరూ ‘పని మరీ పర్ఫెక్ట్‌గా చేయడం’ అన్నారు. ఆ కోర్సులు ఇంటర్వ్యూ గదికి పనికొస్తాయి. మీ అమ్మాయి ఆ గది దాటి ఏడు నెలలైంది. తన బెంచీ మీద ఏ ఫలితం వస్తే ఎవరిని ఎప్పుడు పిలవాలో ఆన్‌లైన్ బోధకుడికి తెలియదు, తెలుసుకునే వీలూ లేదు. పైగా ‘వ్యక్తిత్వ వికాసం’ అన్న పేరే నాకు చిరాకు. కొత్త ఉద్యోగంలో బెరుకు ఉండటం వ్యక్తిత్వంలో లోపం ఎలా అవుతుంది? వ్యాధి పేరు చెప్పి భయపెట్టి మందు అమ్మే వ్యాపారంలా అనిపిస్తుంది నాకు.

అమీర్‌పేట సంస్థలను అంత తేలిగ్గా కొట్టిపారేయను. మైత్రీవనం చుట్టుపక్కల ఆ ఇరుకు గదుల్లో జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు తప్పులు మాట్లాడినా పక్కవాడు నవ్వడు, ఎందుకంటే వాడూ అవే తప్పులు మాట్లాడుతుంటాడు. ఆ సుఖానికి 7 వేలు ఎక్కువేం కాదు. అమ్మాయికి తనంతట తానే వెళ్లాలనిపించి, పటాన్‌చెరు నుంచి ఆదివారాలు వచ్చిపోగలిగితే వెళ్లనివ్వండి. ఈ సమస్యకు మాత్రం అది మందు కాదు. ఇంగ్లిష్ ఆమెకు కావలసింది రాతలో: విచారణ నివేదికలు, లాగ్‌బుక్, ఈమెయిల్. అక్కడ వాడే వాక్యాలు లెక్కపెడితే యాభై దాటవు. ఇదివరకు ఆమోదం పొందిన నివేదికలను ల్యాబ్‌లోనే కూర్చుని చదివి, అలాంటి ఒక పేరా రోజూ సొంతంగా రాసుకుంటే మూడు నెలల్లో తేడా ఆమెకే తెలుస్తుంది, ఖర్చేమీ లేదు.

డేటా సైన్స్ గురించి ఒక్క మాట. సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తే తల వంచుకుని కంప్యూటర్‌తో పని చేసుకోవచ్చని మీరు అనుకుంటున్నట్టున్నారు. అక్కడ చాలా టీముల్లో రోజూ పదిహేను నిమిషాల సమావేశం ఉంటుంది, పని ఎక్కడ ఆగిందో అందరి ముందూ చెప్పాలి. ల్యాబ్‌లో నెలకోసారి ఎదురయ్యే భయం అక్కడ రోజూ పొద్దునే ఎదురవుతుంది. కెమిస్ట్రీ ఇష్టం లేకపోతే మారడం వేరే సంగతి, అది ఆమె చెప్పాలి.

ప్రొబేషన్ పొడిగింపును చూసి అంత బెదిరిపోవద్దు. వద్దనుకున్న మనిషిని ఆ రోజే పంపించేవారు. మరో మూడు నెలలు జీతమిచ్చి చూద్దామనుకున్నారంటే, పని మీద వారికి ఫిర్యాదు లేదనే నేను అర్థం చేసుకుంటాను. తూకం దగ్గర చేయి నిలకడగా ఉన్న అనలిస్టును మాట ఆలస్యంగా చెప్పిందని ఎవరూ వదులుకోరు.

మీరు మేనేజర్‌తో మాట్లాడటం మాత్రం వద్దు. ఎంత మర్యాదగా మాట్లాడినా, ‘ఈ అమ్మాయి చెప్పలేదు, వాళ్ల నాన్న చెప్పాడు’ అనే అనుకుంటారు, సమీక్షలో రాసిన మాటకు మీరే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది. ఈ ఆదివారం అమ్మాయి ఫోన్ చేసినప్పుడు ల్యాబ్‌లో ఏం జరిగిందో మొదటినుంచి చెప్పమనండి, చెప్పడం పూర్తయ్యేదాకా మధ్యలో అడ్డు రాకండి, ‘అప్పుడే చెప్పొచ్చుగా’ అన్న మాట అసలే అనకండి. టీమ్ లీడర్‌తో ఆ పది నిమిషాలు గడిచాక ఆయన ఏమన్నారో నాకు రాయాలి. ఆ ఉత్తరం మీరు కాక, అమ్మాయే రాయాలి. తెలుగులో రాసినా ఇంగ్లిష్‌లో రాసినా సరే, పంపేముందు మీరు దిద్దవద్దు.