జంప్ బటన్ లేని గేమ్

ప్రశ్న: వీవీవీవీవీవీ అనే పాత గేమ్ కొనమని మా తమ్ముడు ఒకటే పోరు. రెండు మూడు గంటల్లో అయిపోతుందట, డబ్బు దండగేమో?

జవాబు: కొనండి. 2010లో టెర్రీ కావనా చేసిన ఈ ప్లాట్‌ఫార్మర్‌లో (అడ్డంకులు దాటుకుంటూ పోయే ఆటలో) ఎగరడమే ఉండదు, గురుత్వాకర్షణను తిరగేసి మనం ఆడించే కెప్టెన్‌ని నేల మీంచి పైకప్పుకి పంపాలి, ఆ ఒక్క కిటుకుతోనే గదికో కొత్త చిక్కు పెట్టాడు. వందలసార్లు చస్తాం. అయినా చెక్‌పాయింట్లు అడుగడుగునా ఉంటాయి కాబట్టి క్షణంలో మళ్లీ మొదలెట్టొచ్చు. మాగ్నస్ పాల్సన్ సంగీతమైతే ఆట ఆపినా చెవుల్లో మోగుతుంది. కథ మాత్రం పలచన, తప్పిపోయిన సిబ్బందిని వెతుకుతూ మ్యాప్‌లో తిరిగిన చోటే తిరగడం నాకు చిరాకు. ‘వేనీ, వీడీ, వీచీ’ అనే మెరుపు వస్తువు జోలికి ఇప్పుడే పోకండి, అది లేకున్నా గేమ్ పూర్తవుతుంది. దాని కోసం ఒక చిన్న దిమ్మె దాటడానికి ముళ్ల గదులన్నీ పైకెక్కి దిగాలి, టెన్షన్‌తో నా వేళ్లు నొప్పెట్టాయి!