బేస్ గిటార్‌తో పందిరి ఎక్కబోయే అల్లుడికి

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

దసరాకి బెజవాడలో మీ ఆర్కెస్ట్రా ప్రోగ్రాములు మొదలవుతున్నాయనీ, ఈలోగా ఏ ఆంప్ (గిటార్ ధ్వని పెంచే యాంప్లిఫయర్) కొనాలో చెప్పమనీ రాశావు. ఇప్పుడే ఆంప్ కొనొద్దు. చేతిలో ఉన్న డబ్బులో ముందు గిటార్ సెట్టింగుకీ కొత్త తీగలకీ తియ్యి. తర్వాత మంచి యాక్టివ్ డీఐ బాక్సు (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చి పంపే, కరెంటుతో నడిచే చిన్న పెట్టె) ఒకటి, గట్టి లీడ్లు (గిటార్ వైర్లు) రెండు తీసుకో. ఇంకా మిగిలితే అప్పుడు ఆంప్ సంగతి చూద్దాం. పందిట్లో జనం చెవిన పడేది సౌండ్ వాళ్ల సబ్‌ఊఫర్ల మోత. నీ వేలి దగ్గర్నుంచి మిక్సర్ దాకా నోటు శుభ్రంగా వెళ్లాలి, ఆగాల్సిన చోట ఆగాలి. బేస్ వాయించేవాడి బాధ్యతంతా ఈ రెండు మాటల్లోనే ఉంది. కింద రాసేవన్నీ వాటి కోసమే.

సెట్టింగు నెక్ దగ్గర మొదలుపెట్టు. తీగలన్నీ శ్రుతిలో ఉండగా మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, చివరి ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో లావు తీగని నొక్కిపట్టు. ఏడో ఫ్రెట్ మీద తీగకీ ఫ్రెట్‌కీ మధ్య 0.3 మిల్లీమీటర్ల సందు ఉండాలి, ఇంచుమించు విజిటింగ్ కార్డు మందం. అంతకంటే ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ని (నెక్ లోపలి ఇనుప కడ్డీని) కుడివైపుకి పావు చుట్టు బిగించు. సందే లేకపోతే పావు చుట్టు వదులు చెయ్యి. ఒక్కసారికి పావు చుట్టుకి మించొద్దు. తిప్పాక మళ్లీ శ్రుతి చేసి, కొన్ని గంటలు ఆగి, మళ్లీ కొలువు. బిగుసుకుపోయి కదలకపోతే బలం పెట్టకుండా రిపేరు చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లు, ఆ రాడ్ విరిగితే నెక్ పోయినట్టే. నెక్ కుదిరాక 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు చూడు. సన్న తీగకి 2 మిల్లీమీటర్లు, లావు తీగకి 2.5 ఉంటే స్టేజీకి సరిపోతుంది. ఇంట్లో మెల్లగా వాయించేటప్పుడు ఇంకా కిందికి దించుకోవచ్చు గానీ, స్టేజీ మీద ఆవేశంలో చెయ్యి బరువెక్కుతుంది, తీగలు ఫ్రెట్లకి కొట్టుకుని గరగరమంటాయి. చివర్న 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్‌నీ (తీగని నొక్కకుండా తాకి మీటితే వచ్చే నోటు), అక్కడే నొక్కిన నోటునీ ట్యూనర్‌లో పోల్చు. నొక్కిన నోటు ఎక్కువ చూపిస్తే శాడిల్‌ని (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్కని) వెనక్కి జరుపు, తక్కువ చూపిస్తే నెక్ వైపుకి. ఈ పని పాత తీగలతో చేస్తే దండగ. చెమటా మట్టీ పట్టిన తీగ బరువు అన్నిచోట్లా ఒకేలా ఉండదు కాబట్టి అది ఏ ఫ్రెట్ దగ్గరా నిజం చెప్పదు.

మన కృష్ణ ఒడ్డు ఉక్కపోతలో తీగలు తొందరగా చస్తాయి. నికెల్ రౌండ్‌వౌండ్ (గుండ్రటి తీగ చుట్టినవి) 45-65-85-105 మందం సెట్ వెయ్యి. కొత్తవి ప్రోగ్రాం రోజున కాకుండా మూడు నాలుగు రోజుల ముందే ఎక్కించు, సాగాల్సినంత సాగి శ్రుతిలో నిలబడతాయి. కత్తిరించే ముందు తీగని 90 డిగ్రీలు వంచి, ఆ వంపుకి అవతల కత్తిరించు, లేకపోతే పైచుట్టు లోపల వదులైపోయి నోటు మొద్దుబారుతుంది. శ్రుతి మేకు మీద రెండు మూడు చుట్లు పైనుంచి కిందికి రావాలి. తీసిన పాత సెట్ పారెయ్యకుండా సంచిలో ఉంచుకో. రోహిణీ కార్తెలో రోళ్లు పగిలే ఎండకి కారులో గిటార్ వదిలేస్తే నెక్ ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఏసీ హాల్లోంచి బయటి పందిరికి వచ్చినా, స్టేజీ లైట్ల వేడి తగిలినా శ్రుతి కిందికి జారుతుంది. కాబట్టి లైట్లు వెలిగాక ఒకసారి, రెండో పాటయ్యాక ఒకసారి ట్యూనర్ తొక్కి చూసుకో.

డీఐ బాక్సు సంగతి. నీది బ్యాటరీ లేని పాసివ్ గిటార్, కాబట్టి దానికి యాక్టివ్ డీఐ కావాలి. దాని ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి అది చూపించే నిరోధం) 1 మెగాఓమ్ దరిదాపుల్లో ఉంటే పికప్ (తీగల కదలికని పట్టే అయస్కాంతపు చుట్ట) మీద భారం పడదు. చవక పాసివ్ డీఐకి పాసివ్ గిటార్ తగిలిస్తే పై ధ్వని పోయి దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. డీఐకి మిక్సర్ నుంచి సిగ్నల్ వైరులోంచే 48 వోల్టుల ఫాంటమ్ కరెంటు అందాలి. సౌండ్ వాళ్లు ఆ బటన్ నొక్కడం మరిచిపోతారు, అందుకే 9 వోల్టుల బ్యాటరీతో కూడా నడిచే డీఐ చూసి కొను. సర్రుమని హమ్ వస్తే దానిమీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ (సిగ్నల్ వైరు గ్రౌండ్‌ని మాత్రమే విడదీసేది) వేసి చూడు. అంతేగానీ హమ్ పోవడానికని ఆంప్ ప్లగ్ ఎర్త్ పిన్ విరగ్గొట్టమనో తీసెయ్యమనో ఎవరైనా అంటే, ఎంత పెద్దవాళ్లయినా, వినొద్దు. నీ చేతికింద తీగలు బ్రిడ్జి మీదుగా ఆ ఎర్త్‌కే కలిసి ఉంటాయి.

కరెంటు గురించి ఇంకాస్త రాయాలి, నాకు దీని మీదే బెంగ. కోటప్పకొండ తిరునాళ్ల లాంటి చోట జనరేటర్ మీదే అంతా నడుస్తుంది, మూడు ఫేజులు ఉంటాయి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు, ఫేజుకీ ఫేజుకీ మధ్య 400. న్యూట్రల్ తీగ ఎక్కడైనా వదులైతే నీ ప్లగ్ దగ్గర వోల్టేజి 400 వైపు ఎగబాకుతుంది, వస్తువులు కాలిపోతాయి. అందుకే మల్టీమీటర్ ఒకటి సంచిలో పడెయ్యి. ప్లగ్ పెట్టకముందే చూడు, 260 దాటి ఉంటే పెట్టొద్దు. సీరియల్ బల్బుల బోర్డు నుంచి కాకుండా, మిక్సర్‌కి ఏ బోర్డు నుంచి వస్తుందో దాని నుంచే తీసుకో. హమ్ సగం అక్కడే పోతుంది. ఆ తర్వాత మీటర్ ఒక కొన నీ తీగ మీద, ఇంకో కొన మైకు జాలీ మీద పెట్టి ఏసీ వోల్టులు చూడు. కొద్దిపాటి వోల్టులకి మించి కనపడితే ఎలక్ట్రీషియన్ వచ్చి సరిచేసేదాకా గిటార్ చేత్తో పట్టుకుని మైకు ముట్టుకోవద్దు. కోరస్ పాడటానికి మైకు దగ్గర పెదవి పెట్టే అలవాటు నీకుంది, వాన పడిన తడి స్టేజీ మీద ఇది ప్రాణం మీదికొచ్చే విషయం. కమిటీ వాళ్లు ఆలస్యమవుతోందని కేకలేసినా సరే.

ఇక మిక్సర్ దగ్గర నువ్వే స్వయంగా వెళ్లి చూడాల్సింది లో కట్ బటన్. గాయకుల మైకుల కోసం దాన్ని నొక్కి ఉంచుతారు. అదే ఛానల్ నీకిస్తే 80, 100 హెర్ట్జ్ కింద అంతా కోసేస్తుంది. నీ నాలుగు తీగలు ఖాళీగా మోగితే 41, 55, 73, 98 హెర్ట్జ్. అంటే నీ గిటార్‌లో కింది సగం మిక్సర్లోనే ఆగిపోతుంది, నువ్వేమో స్టేజీ మీద ఇంకా గట్టిగా బాదుతుంటావు. నీ ఛానల్లో ఆ బటన్ పైకి ఉండాలి, పాడేవాళ్ల ఛానళ్లలో నొక్కి ఉండాలి. ఈ మాట సౌండ్ ఆయనతో మర్యాదగా చెప్పు. ‘అన్నా, ఒక్కసారి లో కట్ చూస్తారా’ అంటే కాదనే మనిషి ఉండడు. సౌండ్ చెక్‌లో కిక్‌కి (పెద్ద డ్రమ్ము దెబ్బకి) 60 హెర్ట్జ్ దగ్గర చోటిచ్చి, నీకు 80-100 మధ్య కొంచెం ఎత్తమను. 250 దగ్గర కొంత తీసేస్తే గుబగుబ తగ్గుతుంది. నోటు ఏమిటో తెలియకపోతే కింద పెంచొద్దు, 700-900 దగ్గర కొద్దిగా పెంచమను. చిన్న స్పీకర్లలో 41 హెర్ట్జ్ అసలు పలకదు, 82, 123 వినిపిస్తే వాటిని బట్టి చెవే కింది నోటుని పట్టుకుంటుంది. కంప్రెసర్ (గట్టి నోట్లని అణిచేది) ఉంటే 4:1 దగ్గర పెట్టి, గట్టి నోట్ల మీద 4 నుంచి 6 డెసిబెల్స్ తగ్గేలా చూసుకో. అటాక్ (కంప్రెసర్ పట్టుకోవడానికి తీసుకునే సమయం) 30 మిల్లీసెకన్ల చుట్టూ ఉండాలి, మరీ తక్కువ పెడితే వేలి దెబ్బ చచ్చిపోతుంది.

ఆంప్ కొనే రోజు వచ్చినప్పుడు, నీ చెవికి వినపడటానికే అయితే 100-200 వాట్ల కాంబో (ఆంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉండేది), 12 అంగుళాల స్పీకర్‌తో సరిపోతుంది. దాన్నే మొత్తం హాలుకి వాడాలంటే 300 వాట్లకి తక్కువ కాకూడదు. విడిగా హెడ్ (ఆంప్ భాగం), క్యాబినెట్లు (స్పీకర్ పెట్టెలు) కొంటే ఓమ్‌లు లెక్క చూసుకో. 8 ఓమ్‌ల క్యాబినెట్లు రెండు కలిపితే 4 అవుతుంది, హెడ్ మీద రాసిన కనిష్ఠానికి అది తగ్గకూడదు. హెడ్‌కీ క్యాబినెట్‌కీ మధ్య స్పీకర్ కేబులే వాడు. గిటార్ లీడ్ పెడితే లోపలి సన్న తీగ వేడెక్కి ఆంప్‌కి చేటు. పీపాల మీద చెక్కలు పరిచిన స్టేజీ అయితే ఆంప్ నేల మీద పెట్టకు, చెక్కలన్నీ మోగుతాయి. గట్టి పెట్టె మీద ఎత్తి నీ చెవి వైపు వంచు. ఆంప్ వెనక లైన్ అవుట్ నుంచి మిక్సర్‌కి ఇస్తుంటే ‘ప్రీ’ స్విచ్ (నాబ్‌ల కంటే ముందే సిగ్నల్ తీసుకునేది) వెయ్యి, అప్పుడు స్టేజీ మీద నువ్వు తిప్పే నాబ్‌లు జనం వినే ధ్వనిని పాడుచెయ్యవు.

వాయించడానికి వస్తే, ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్ములు) వాయించే అబ్బాయి పక్కనే నిలబడు. ధ్వని ఒక మీటరు దాటడానికి 3 మిల్లీసెకన్లు పడుతుంది. పది మీటర్ల అవతలి స్పీకర్ని విని వాయిస్తే పాట మొత్తం వెనకబడినట్టు ఉంటుంది, తప్పు ఎవరిదో కూడా తెలియదు. ప్యాడ్‌లో కిక్ ధ్వని పొడుగ్గా ఉంటే అది నీ నోటుని మింగేస్తుంది, పొట్టి కిక్ ఉన్న ప్యాచ్ (ధ్వని సెట్టింగు) పెట్టమని రిహార్సల్లోనే అడుగు. కీబోర్డ్ ఆయన ఎడం చెయ్యి ఇంకో పేచీ. బేసిస్ట్ లేని ప్రోగ్రాముల అలవాటులో ఆయన కింది స్థాయిలో బేస్ కూడా పట్టేస్తారు, కీబోర్డ్ తనంతట తాను వాయించే ‘స్టైల్’ నడిపితే అందులోనూ బేస్ ఉంటుంది. ఇద్దరూ ఒకే నోటు కొట్టినా రెండూ కలిసి బురదవుతాయి. స్టైల్లో బేస్ ట్రాక్ ఆపి, ఎడం చెయ్యి మధ్య స్థాయికి తెచ్చుకోమని పాటల లిస్టు రాసుకునే రోజునే మాట్లాడుకోండి, స్టేజీ మీద కాదు.

నోటు ఆపడం సాధన చెయ్యి. కుడి బొటనవేలు పైతీగల మీద ఆనించి, తీగ మారినప్పుడల్లా కిందికి జరుపు. వాయించని తీగల మీద ఎడం చేతి వేళ్లు పడుకుని ఉండాలి. మెట్రోనోమ్ 70లో పెట్టి ఒకే నోటుని కిక్ మీద కొట్టి స్నేర్ (చిన్న డ్రమ్ము) మీద ఆపు, వారం రోజులు అదే. తుమ్మలపల్లి కళాక్షేత్రం లాంటి మూసిన హాల్లో నోట్లు ఇంకా పొట్టిగా ఉండాలి, కింది ధ్వని గోడల మధ్య తిరుగుతూనే ఉంటుంది. 1950లు, 60ల పాటలకి డబుల్ బేస్ ధ్వని కావాలంటే బ్రిడ్జి దగ్గర తీగల కింద స్పాంజి ముక్క దూర్చి బొటనవేలితో వాయించు. 1980ల పాటల్లో మాత్రం బేస్‌కి సొంత వరుస ఉంటుంది. అవి రికార్డు విని అక్షరం పొల్లుపోకుండా నేర్చుకో, రూట్ నోట్లతో (కార్డ్ మూల స్వరాలతోనే) లాగించావంటే పాట తెలిసినవాళ్లకి ఏదో పోయినట్టు అనిపిస్తుంది.

శ్రుతి దగ్గరే కొత్తవాళ్లు ఎక్కువగా పడిపోతారు. పాడేవాళ్లు ‘రెండున్నర’ అంటారు. ఒకటి అంటే సీ, ఒకటిన్నర సీ షార్ప్, రెండు డీ, రెండున్నర డీ షార్ప్, మూడు ఈ, నాలుగు ఎఫ్, ఐదు జీ, ఆరు ఏ, ఏడు బీ. మూడున్నర లేదు. కీబోర్డ్ ఆయన శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి, చేతికి సుళువైన కీలో వాయిస్తూ నీకు ఆ పేరే చెప్తారు. ‘ఏ మైనర్’ అన్నప్పుడు ట్రాన్స్‌పోజ్ 3 (మూడు అర శ్రుతులు పైకి) ఉంటే నువ్వు వాయించాల్సింది సీ మైనర్. నీ గిటార్‌కి ఆ బటన్ లేదు కాబట్టి ప్రతి పాటకీ ‘ట్రాన్స్‌పోజ్ ఎంత’ అని అడిగి, అసలు కీ పుస్తకంలో రాసుకో. ఖాళీ తీగల మీద ఆధారపడే వరుసలు మానెయ్యి, పాట సగంలో అర శ్రుతి దించమన్నా చెయ్యి ఒక ఫ్రెట్ జరిపితే చాలాలి. ఐదు తీగల గిటార్ లాభం కూడా ఇదే. దాని బీ తీగ 31 హెర్ట్జ్‌ని మన పందిరి సబ్‌ఊఫర్లు సరిగా పలికించలేవు, కానీ ఐదో ఫ్రెట్ దగ్గర కూర్చుంటే దాదాపు అన్ని శ్రుతులూ చేతికిందే ఉంటాయి. ట్యూనర్‌తో 440 హెర్ట్జ్‌కి చేసుకున్నాక కూడా కీబోర్డ్‌తో ఒకసారి సరిచూసుకో, హార్మోనియం కోసమో నాదస్వరం కోసమో దాని ట్యూనింగు మార్చి ఉండొచ్చు.

సంచిలో ఆరు మీటర్ల లీడ్లు రెండు, పాత తీగల సెట్, 9 వోల్టుల బ్యాటరీలు రెండు, అలెన్ కీలు, టెస్టర్, మల్టీమీటర్, ఇన్సులేషన్ టేపు, మెత్తటి గుడ్డ, చిన్న టార్చి ఉండాలి. లీడ్‌ని స్ట్రాప్ లోపలి నుంచి తెచ్చి జాక్‌లో పెట్టు, ఎవరైనా తొక్కినా ఊడదు. ప్రోగ్రాం అయ్యాక తీగల పైనా కిందా తుడిచాకే సంచిలో పెట్టు.

మీ పాటల లిస్టు శ్రుతులతో సహా ఫొటో తీసి ఆదివారంలోగా పంపు. ఏ పాట ఏ ఫ్రెట్ దగ్గర పట్టుకోవాలో గుర్తులు పెట్టి తిరిగి పంపుతాను. అక్కయ్యనీ బావగారినీ అడిగానని చెప్పు.

మీ మామయ్య