స్క్రాప్‌లో దొరికిన స్పాట్‌లైట్లను జీపు హెడ్‌లైట్ వైరుకే కలపొచ్చా?

కలపొద్దు, బ్యాటరీ నుంచి ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) పెట్టి వేరే వైరు లాగాల్సిందే. హెడ్‌లైట్ స్విచ్, దాని వైర్లు సొంత బల్బుల కరెంటుకు సరిపడేలానే ఉంటాయి, అదనపు లోడు పడితే వేడెక్కి కరుగుతాయి. ఉదాహరణకు 55 వాట్ల హాలోజెన్లు రెండు పెడితే 12 వోల్టుల మీద 9 ఆంపియర్లు దాటుతుంది; దానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, 15 ఆంపియర్ల ఫ్యూజు చాలు, కానీ ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, లేకపోతే వైరు బాడీకి రాసుకుని షార్ట్ అయినప్పుడు ఫ్యూజుకు ముందున్న ముక్కకు రక్షణే ఉండదు. ఫ్యూజు పోతుంటే పెద్దది వేస్తే సరి అని చాలామంది అనుకుంటారు, అది చాలా ప్రమాదం, ఫ్యూజు కాపాడేది లైటును కాదు, వైరును. విశాఖ ఉప్పుగాలికి పాత టెర్మినళ్లు తుప్పు పట్టి ఉంటాయి, గీకి శుభ్రం చేశాకే బిగించండి. లారీవైతే బల్బు 24 వోల్టులదేమో చూడండి, 12 వోల్టుల జీపులో అది మసగ్గానే వెలుగుతుంది.