బీచ్ సాకర్ కోసం ఇంటర్ మానేస్తానంటున్నాడు, ఏం చెప్పాలి?

ప్రశ్న: మాది విశాఖపట్నం. మా బాబు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. చిన్నప్పట్నుంచి ఆర్కే బీచ్‌లో ఫుట్‌బాల్ ఆడతాడు. సీషెల్స్ దీవుల్లో జరిగిన బీచ్ సాకర్ వరల్డ్ కప్ మ్యాచ్‌లు ఫోన్లో చూశాక ఇదే నా లైఫ్ అంటున్నాడు. ఇంటర్ ఆపేసి గోవాకో కేరళకో వెళ్లి అకాడమీలో చేరతాడట. సముద్రం మన ఇంటి పక్కనే ఉంది కదా, నాకంటే అడ్వాంటేజ్ ఎవరికుంటుంది అంటాడు. వాళ్ల నాన్నగారు బ్యాట్ బాల్ అన్నీ అటకెక్కించమంటున్నారు. ఏం చేయాలో తోచట్లేదు.

జవాబు: అమ్మా, ముందు ఒక మాట, ఏ వస్తువూ అటకెక్కించకండి. పదిహేడేళ్ల పిల్లాడు ఒక ఆటని అంత ఇష్టంగా పట్టుకున్నాడంటే అది మంచి విషయం, ఆ ఇష్టాన్ని తీసేస్తే చదువు మీదకి వస్తుందనుకుంటాం గానీ రాదు, ఇన్నేళ్లలో నేను చూసిన పిల్లల్లో అలా వచ్చినవాళ్లు చాలా తక్కువ. అలాగని ఇంటర్ ఆపడానికి నేను అస్సలు ఒప్పుకోను. కారణాలు చెప్తాను, ఇది బాబుని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

సముద్రం పక్కనే ఉంది కదా అన్న మాట దగ్గరే మొదలుపెడదాం, ఎందుకంటే అతని ప్లాన్ మొత్తం దాని మీదే నిలబడి ఉంది. అతను చూసిన ఆ 2025 వరల్డ్ కప్‌లో ఫైనల్ ఎవరెవరు ఆడారో అడగండి. బ్రెజిల్, బెలారస్. బ్రెజిల్ 4-3తో గెలిచింది, అంటే చివరిదాకా పోటీనే. ఇప్పుడు మ్యాప్ తీసి బెలారస్ ఎక్కడుందో చూపించమనండి, ఆ దేశానికి సముద్రమే లేదు. స్విట్జర్లాండ్‌కీ లేదు, వాళ్లు 2009లో దుబాయ్‌లో ఫైనల్ దాకా వెళ్లారు, ఆ టోర్నీలో వాళ్ల ఆటగాడు స్టాంకోవిచ్ ఒక్కడే 16 గోల్స్ కొట్టాడు. 2019లో ఈ కప్ నిర్వహించింది పరాగ్వే, దానికీ తీరం లేదు, ఊళ్లో ఇసుక పోసి స్టేడియం కట్టుకున్నారు. 2021లో మాస్కోలో ఆడారు, అక్కడ బీచ్ ఎక్కడుంది చెప్పండి. అంతెందుకు, మన దగ్గర మొదటి నేషనల్ బీచ్ సాకర్ ఛాంపియన్‌షిప్ 2023లో సూరత్‌లో డుమస్ బీచ్‌లో పెడితే ఫైనల్లో కేరళ 13-4తో గెలిచింది, ఓడినా సరే ఫైనల్ దాకా వచ్చిన టీమ్ ఏదనుకున్నారు, పంజాబ్! కాబట్టి సముద్రం దగ్గరుండటం మంచిదే గానీ అదొక్కటే అర్హత కాదు. కోచ్, రోజూ ఒక పద్ధతిలో ప్రాక్టీస్, ఏడాదికి ఇన్ని మ్యాచ్‌లు, ఇవి ఉన్నచోట ఇసుకని లారీల్లో తెచ్చుకుని మరీ గెలుస్తున్నారు.

ఇంకోటి, బాబు ఆడేది సాయంత్రం నీళ్ల అంచున తడి ఇసుక మీదే అయ్యుంటుంది, మన పిల్లలంతా అక్కడే ఆడతారు, బాల్ చక్కగా దొర్లుతుంది కాబట్టి. కానీ ఇంటర్నేషనల్ మ్యాచ్ ఆడేది పొడి ఇసుకలో, కనీసం 40 సెంటీమీటర్ల లోతు ఉండాలి, కాలు దిగబడిపోతుంది, బాల్ అసలు దొర్లదు. అందుకే వాళ్లు బాల్‌ని కాలితో పైకి లేపి గాల్లోనే పాస్‌లు ఇచ్చుకుంటారు, వెనక్కి వాలి గాల్లోనే తల మీదుగా కొట్టే ఆ బైసికిల్ కిక్‌లన్నీ అందుకే, షో కోసం కాదు. షూస్ ఉండవు, వట్టి కాళ్లే. టీమ్‌కి గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురు, పన్నెండేసి నిమిషాలు మూడు పీరియడ్లు, సబ్‌స్టిట్యూట్లని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, అంత మారుస్తున్నా ఆ ఇసుకలో పిక్కలు పట్టేస్తాయి. గ్రౌండ్ చిన్నది, 35 నుంచి 37 మీటర్ల పొడవే, ఎక్కడ్నుంచైనా గోల్‌కి కొట్టొచ్చు, గోల్‌కీపర్ కూడా కొడతాడు. అంటే బాబు ఇప్పుడు బాగా ఆడుతున్న ఆటకీ ఈ ఆటకీ పేరు దగ్గరే గానీ పని వేరు.

ఇక లెక్క చూద్దాం, ఎంపీసీ పిల్లాడు కాబట్టి లెక్కకి లొంగుతాడు. వరల్డ్ కప్‌లో ఉండేవి 16 టీమ్‌లు. ఆసియా నుంచి 2025లో వెళ్లినవి మూడే, ఇరాన్, ఒమన్, జపాన్. ఇరాన్ అంటే ఆషామాషీ టీమ్ కాదు, 2017లోనూ 2024లోనూ వరల్డ్ కప్‌లో మూడో ప్లేస్. ఆ మూడింట్లో ఒకటి కావాలంటే ముందు ఏషియన్ కప్‌లో మొదటి మూడు స్థానాల్లో ఉండాలి. మన ఇండియా 2007 తర్వాత మళ్లీ 2025లోనే థాయ్‌లాండ్‌లోని పట్టాయా వెళ్లి ఏషియన్ కప్ ఆడింది, గ్రూప్ దాటలేదు. పద్దెనిమిదేళ్లు గ్యాప్ అమ్మా, ఒక తరం ఆటగాళ్లు మొత్తం అలాగే పోయారు. స్క్వాడ్‌లో చోటు 12 మందికి. ఒలింపిక్స్‌లో ఈ ఆట లేదు, మామూలు ఏషియన్ గేమ్స్‌లో లేదు, ఏషియన్ బీచ్ గేమ్స్‌లో ఉంది. ఒలింపిక్స్‌లో లేదంటే స్కాలర్‌షిప్పులు, స్పాన్సర్లు, క్యాంపులు అన్నీ తగ్గుతాయి, అది నిజం, దాచి లాభం లేదు.

అయితే తలుపు మూసుకుపోయిందా అంటే, నా ఉద్దేశంలో ఇప్పుడే కొంచెం తెరుచుకుంటోంది. నేషనల్ ఛాంపియన్‌షిప్ మొదలైంది, 2025 మేలో డయ్యూలో ఖేలో ఇండియా బీచ్ గేమ్స్ పెట్టారు, అందులో బీచ్ ఫుట్‌బాల్ ఉంది. తాహితీ అని పసిఫిక్‌లో చిన్న ద్వీపం ఉంది, వాళ్లు 2013లో తమ ఇంట్లోనే కప్ పెట్టుకుని నాలుగో ప్లేస్ తెచ్చుకున్నారు, తర్వాత 2015లో, 2017లో వరసగా ఫైనల్ ఆడారు. చిన్న దేశాల టీమ్‌లు ఎదగడానికి చోటున్న ఆట ఇది, ఆ సంగతి కూడా బాబుకి చెప్పండి, వట్టి భయమే పెట్టకండి.

మరి దారేంటంటే, మన దేశంలో బీచ్ సాకర్‌కి విడిగా పిల్లల్ని తీసుకునే పెద్ద వ్యవస్థ లేదు, ఫుట్‌బాల్ నుంచే రావాలి. కాబట్టి ముందు మామూలు పదకొండు మంది ఫుట్‌బాల్ ఆడాలి, జిల్లా అసోసియేషన్‌లో ఉన్న క్లబ్‌లో చేరి ఆల్ ఇండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఆన్‌లైన్ సిస్టమ్‌లో ప్లేయర్‌గా రిజిస్టర్ అవ్వాలి, అండర్-19 స్కూల్ గేమ్స్, తర్వాత యూనివర్సిటీ టీమ్, స్టేట్ సెలక్షన్స్. పక్కన వారానికి రెండు మూడు రోజులు పొడి ఇసుక. ఫుట్‌సాల్, అంటే ఇండోర్‌లో ఐదుగురేసి ఆడే ఫుట్‌బాల్, ఆడితే ఇంకా మంచిది, చిన్న గ్రౌండ్‌లో బుర్ర తొందరగా పనిచేయడం అలవాటవుతుంది.

అకాడమీ గురించి ఒక్క మాట. నా దగ్గరికి వచ్చిన ఒకబ్బాయి ఇలాగే ఇంటర్ మధ్యలో వదిలేసి వేరే రాష్ట్రంలో ఒక ప్రైవేట్ అకాడమీలో చేరాడు, తండ్రి అప్పు చేసి ఫీజు కట్టారు, రెండేళ్లకి చేతికొచ్చింది ఒక సర్టిఫికెట్, అది ఎక్కడా చెల్లలేదు. ఆ పిల్లాడు తిరిగొచ్చి చెల్లెలితో పాటు ఇంటర్ పరీక్ష రాశాడు, అతని మొహం నాకిప్పటికీ గుర్తే. అందుకే ఫీజు కట్టేముందు అడగాల్సినవి: కోచ్‌కి ఏ లైసెన్స్ ఉంది, గుర్తింపు ఉన్న ఏ లీగ్‌లో ఆడిస్తారు, చదువు ఎక్కడ.

ఇంటర్ ఎందుకు ముఖ్యమంటే ఈ ఆటలో ఆడేవాళ్లు పన్నెండుమందే గానీ చుట్టూ పని చేసేవాళ్లు చాలామంది ఉంటారు. ఇంటర్ తర్వాత గ్వాలియర్‌లో ఎల్‌ఎన్‌ఐపీఈ అనే వ్యాయామ విద్యా సంస్థలో, మణిపూర్‌లో నేషనల్ స్పోర్ట్స్ యూనివర్సిటీలో వ్యాయామ విద్య డిగ్రీ చేయొచ్చు. కోచింగ్ లైసెన్స్‌లు డి అనే కింది మెట్టు నుంచి మొదలవుతాయి. బీచ్ సాకర్‌కి రెఫరీలు విడిగా ఉంటారు. లెక్కలు బాగా వస్తే వీడియో అనాలిసిస్ ఉంది, అంటే మ్యాచ్ వీడియోలు చూసి ఆటని విశ్లేషించే పని, ఇది మీ బాబుకి సరిపోతుందని నాకు గట్టిగా అనిపిస్తోంది. మామూలు బీటెక్కో డిగ్రీయో చేస్తూ యూనివర్సిటీకి ఆడినా తప్పులేదు. ఏపీలో ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాని 2 నుంచి 3 శాతానికి పెంచారు, రైల్వేల్లో ఫుట్‌బాల్‌కి కోటా ఉంది, కానీ జీవోలో ఆట పేరు, టోర్నీ స్థాయి రెండూ చూస్తారు, కాబట్టి ఫుట్‌బాల్ సర్టిఫికెట్లు జాగ్రత్తగా దాచుకోవాలి.

వాళ్ల నాన్నగారితో ఇలా మాట్లాడండి: పబ్లిక్ పరీక్షలయ్యేదాకా రోజుకి గంటన్నర ఆట, ఆదివారం రెండు గంటలు, ఆ రెండు గంటలూ పొడి ఇసుకలోనే. పరీక్షలవ్వగానే జిల్లా సెలక్షన్స్‌కి నాన్నగారే వెంటబెట్టుకుని వెళ్లాలి, ఇది మాత్రం తప్పనిసరి, ఎందుకంటే తండ్రి గ్రౌండ్ బయట నిలబడితే పిల్లాడు ఇంట్లో పుస్తకం తీస్తాడు. పొడి ఇసుకలో నెల రోజులు ఆడాక కూడా ఇదే కావాలంటున్నాడా లేదా, అది చూసి నాకు మళ్లీ రాయండి, అప్పుడు ఏ కాలేజీలో టీమ్ బాగుందో కూర్చుని చూద్దాం.