నాటకాల వల్ల, గోడరాతల వల్ల ప్రభుత్వాలు కదులుతాయా? నెల్లూరు సారా వ్యతిరేక ఉద్యమంలో నేను చూసింది

మీరు అడిగింది ఇది: కళ వల్ల, డిజైన్ వల్ల సమాజంలో, రాజకీయాల్లో నిజంగా మార్పు వస్తుందా, లేక జనం చూసి చప్పట్లు కొట్టి ఇళ్లకు పోతారా? స్వయంగా చూసినవాళ్లు చెప్పమన్నారు.

నేను చూశాను. 1991లో నాకు ఇరవై ఏళ్లు. డిగ్రీ చదువుతూ, సెలవుల్లో గోడల మీద ప్రకటనలు రాసి ఖర్చులకు సంపాదించుకునేవాణ్ణి. నెల్లూరు జిల్లాలో అప్పుడు అక్షర దీపం నడుస్తోంది. చదువురాని పెద్దవాళ్లకు రాత్రిబడులు, వాటికి జనాన్ని రప్పించడానికి ఊరూరా తిరిగే కళాజాతలు. ఒక దళానికి తెరలు, అట్టలు రాసే మనిషి కావాలంటే పోయి చేరాను. మనిషి తక్కువైన రోజు వేషం కూడా కట్టాను.

ముందు మేం తప్పిన చోటు చెప్తాను. నేను నేర్చుకున్నది చాలావరకు అక్కడే.

మా నాటికల్లో ఒకటి సారా మీద. తాగిన మొగుడు తూలుతూ వస్తాడు, కరెంటు స్తంభానికి దణ్ణం పెడతాడు, పెళ్లాం కొంగున కట్టుకున్న కూలి డబ్బులు లాక్కుంటాడు. ఆ వేషం కట్టే కుర్రాడు గొప్ప నటుడు. అడుగు పెడితే చాలు, జనం పడీ పడీ నవ్వేవాళ్లు. ఊరూరా ఈలలే. ఆట బాగా పండుతోందని మేం పొంగిపోయాం. ఉదయగిరి వైపు ఒక ఊళ్లో ఆట అయ్యాక సామాను సర్దుకుంటుంటే ఒకామె దగ్గరికొచ్చి, "అబ్బయ్యా, మా ఇంట్లో అది జరిగేటప్పుడు నవ్వు రాదు నాయనా" అంది. మారుమాట లేకుండా వెళ్లిపోయింది.

ఆ రాత్రి దళంలో ఎవరం నిద్రపోలేదు. తాగుబోతును మేమే ముద్దొచ్చేలా తయారు చేశామని అప్పుడు అర్థమైంది. పొద్దున పిల్లలు వీధిలో ఆ నడకే నడుస్తున్నారు. సారా కొట్టు దగ్గర మగవాళ్లు కూడా దాన్నే తలుచుకుని నవ్వుకుంటున్నారు. చూసేవాళ్లు ఎవరిని ఇష్టపడుతున్నారో పట్టించుకోకుండా కథలో నీతి ఎంత గట్టిగా చెప్పినా లాభం లేదు.

రెండు రోజులు కూర్చుని ఆటను తిరగరాశాం. మొగుణ్ణి రంగం మీది నుంచి తీసేశాం. పొయ్యి మీద ఎసరు మరుగుతుంటుంది. బియ్యం లేవు. కూలి డబ్బులు పట్టుకెళ్లిన మనిషి రాలేదు. పిల్ల మూడుసార్లు అడుగుతుంది, "అమ్మా, ఉడికిందా?" అని. దూరంగా డప్పు ఒక్కటే మోగుతుంటుంది. చివరి పాట కూడా తీసేశాం. "ఇప్పుడు ఈమె ఏం చెయ్యాల?" అని అడిగి ఊరుకున్నాం.

మొదటిసారి ఆడినప్పుడు చాలాసేపు ఎవరూ పలకలేదు. మా దళం నాయకుడు కంగారుపడి పాట ఎత్తుకోబోయాడు. అంతలో వెనక నుంచి ఒకామె, "ఆమె ఒక్కతే ఏం చేస్తాది? పక్కింటోళ్లకు కళ్లు లేవా?" అంది. ఇంకొకామె అందుకుంది. ఆ తర్వాత ఎవరి ఇంటి సంగతి వాళ్లు చెప్పుకుంటూ పోయారు. మేం పక్కన కూర్చుని విన్నాం. ఆ మాటల్లో కొత్తవి ఒక్కటీ లేవు, అందరికీ తెలిసినవే. కానీ పదిమందిలో ఒకరికొకరు చెప్పుకోవడానికి వాళ్లకు అంతకుముందు ఒక చోటు లేదు. మా ఆట చేసిన పని ఆ చోటు ఇవ్వడమే.

ఇక డిజైన్ గురించి. ఇది నా పని కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తాను.

ఆ కొత్త ఆట మొదట ఆడిన ఊళ్లోనే బడి గోడ మీద "మద్యపాన రక్కసిని తరిమికొట్టండి" అని రాశాను. రెండు రంగులు, అక్షరాల వెనక నీడ, తలకట్లకు మెలికలు. చేయి బాగా తిరిగిన రోజులు, చాలా శ్రద్ధగా వేశాను. రాత్రిబడిలో అప్పుడే అక్షరాలు నేర్చుకుంటున్న ఒకామె వచ్చి ఒక్కో అక్షరం దగ్గర ఆగి, చివరికి, "ఇవి మా పుస్తకంలో అక్షరాల మాదిరి లేవే" అని మొహం చిన్నబుచ్చుకుని పోయింది. ఆరు నెలలు లాంతరు ముందు కూర్చుని నేర్చుకున్న చదువు నా గోడ దగ్గర ఆమెకు పనికిరాకుండా పోయింది. ఆ మొహం నాకిప్పటికీ గుర్తుంది.

సున్నం కొట్టి మళ్లీ రాశాను. ఈసారి వాళ్ల వాచకం పక్కన పెట్టుకుని, అందులో అక్షరం ఎంత గుండ్రంగా ఉందో అంత గుండ్రంగా, మాటకూ మాటకూ మధ్య జానెడు ఎడంతో, నల్లరంగు ఒక్కటే వాడి రాశాను. మాటలూ మార్చాను. మద్యపానం అని ఆ ఊళ్లో ఎవరూ అనరు. వాళ్లను పీడిస్తున్న దాని పేరు సారా. "మా ఊరికి సారా వద్దు." ఒత్తు ఒక్కటే. మరునాడు ఆమె వచ్చి వేలు పెట్టి చదివింది. చదివి, వెనక్కి తిరిగి నలుగురిని కేకేసింది. తను చదవగలిగిన మొదటి గోడ అది. అందులో తన మాటే ఉంది.

డిజైన్ అవతలి పక్షానికి కూడా పనిచేస్తుందని మరవకూడదు. 1980ల్లో ప్రభుత్వం 'వారుణి వాహిని' పేరుతో సారాను ప్యాకెట్లలో పెట్టి అమ్మించింది. అంతకుముందు సారా తాగాలంటే కొట్టుకు పోవాలి, అక్కడ పదిమంది కంట పడాలి. ప్యాకెట్ వచ్చాక అది జేబులో పట్టింది, పొలం గట్టుకు వచ్చింది, ఇంటి గడప దాకా వచ్చింది. నాట్లకు పోయిన ఆడవాళ్లు గట్ల మీద ఖాళీ ప్యాకెట్లు తొక్కుకుంటూ నడిచేవాళ్లు. ఇంతమంది కాపురాలు కూల్చిన వస్తువును ఎవరో ఒక మనిషి బల్ల దగ్గర కూర్చుని, ఎంత సైజు, ఎంత ధర అని ఆలోచించి తయారు చేసి ఉంటాడు. పొట్లాలు, లేబుళ్లు, బోర్డులు తయారుచేసే మనవాళ్లందరూ దీన్ని గుర్తుపెట్టుకోవాలని నా కోరిక.

ఉద్యమాన్ని రగిలించింది మా ఆటలని నేననను. ఆ పని చేసింది వాచకం. అందులో 'సీతమ్మ కథ' అని ఒక పాఠం ఉంది. ఊళ్లో ఆడవాళ్లను కూడగట్టి సారా కొట్టు మూయించే మనిషి కథ. కల్పిత కథే. కానీ రాత్రిబడి పద్ధతిలో పాఠం చదివేసి పుస్తకం మూసేయరు, ముందు దాని మీద మాట్లాడుకోవాలి. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు మాట్లాడుకుని ఊరుకోలేదు. 1992లో తమ ఊళ్లో సారా ఆపించారు. ఆ పోరాటంతోనే దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఆ తర్వాత జరిగింది నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది: దూబగుంట సంగతే 'ఆడవాళ్లు ఏకమైతే' అని మరో పాఠమై వచ్చింది. సీతమ్మ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. దూబగుంట మాత్రం బస్సెక్కితే పోగలిగిన ఊరు. "వాళ్లు చేసినప్పుడు మనమెందుకు చెయ్యం?" అన్న మాట నేను కనీసం నాలుగు ఊళ్లలో నా చెవులతో విన్నాను.

చీపుర్లు, కారం పొడి పట్టుకుని సారా బండ్లను అడ్డుకున్నారు. ప్యాకెట్లు తెచ్చి నడివీధిలో తగలబెట్టారు. నెల్లూరులో సారా అమ్మే హక్కు కోసం కాంట్రాక్టర్లకు పెట్టే వేలంపాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. మద్యం 1994 ఎన్నికల్లో పెద్ద విషయమైంది. ఎన్.టి.రామారావు గెలిచి 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. కొత్తగా అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు, ఎక్సైజు రాబడి మీద నడిచే ఒక రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆ దారికి తెచ్చారు.

ఇది మొత్తం కళ గొప్పతనమని చెబితే అబద్ధమవుతుంది. దెబ్బలు తిన్నది, ఇంట్లో మొగుడితో, బయట కాంట్రాక్టరు మనుషులతో తలపడింది ఆ ఆడవాళ్లే. మేం ఏ ఊళ్లోనైనా ఉండేది కొద్ది రోజులే. మేం పోయాక కూడా అక్కడ రోజూ వెలిగే లాంతరు, చుట్టూ కూర్చునే ఇరవై మంది, చదువు చెప్పే ఆ ఊరి పిల్లో పిల్లాడో ఉండబట్టే ఆట ఆడిన రాత్రి వాళ్లు మాట్లాడుకున్న మాట నిలిచింది. మీరు వేసిన పోస్టరు చూసినవాళ్లు మర్నాడు ఎక్కడ కలుసుకుంటారు? దీనికి జవాబు లేకపోతే పోస్టరు ఎంత బాగున్నా నాకు నమ్మకం ఉండదు. ఫోన్లో వేలమందికి పంపిన బొమ్మ గురించి కూడా నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే.

1997లో నిషేధం సడలించారు. తర్వాత ఊళ్లలోకి బెల్టు షాపులొచ్చాయి. చాలా బాధపడ్డాను. మా శ్రమంతా వృథా అనిపించి, చాలాకాలం ఆ వైపు పోవడానికి కూడా మనసు ఒప్పలేదు.

కొన్నేళ్లకు చుట్టాల పెళ్లికి పోతూ ఆ ఊళ్లో దిగాను. బడికి కొత్త గోడ కట్టారు, నా రాత లేదు. అప్పట్లో వేలు పెట్టి చదివినామె ఇంటి ముందు కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టి మంచినీళ్లిచ్చింది. వీధి చివర బెల్టు షాపు చూపించింది. రంగులు తెచ్చుకుని మళ్లీ రాస్తానన్నాను.

"నువ్వెందుకులే అబ్బయ్యా. బెల్టు షాపు అని ఎట్టా రాస్తారో మాత్రం చెప్పిపో" అని మనవరాలి పలక తెచ్చి నా చేతికిచ్చింది. లకు టవత్తు పెట్టి చూపించాను. రెండుసార్లు దిద్దింది, మూడోసారి చూడకుండా రాసింది.